మల్లేశ్వరరావు రెండు వేళ్ల సన్‌స్క్రీన్

ఆ గురువారం ఉదయం మల్లేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం నాడు పెడన హైస్కూల్లో తనతో పదో తరగతి చదివినవాళ్లంతా నలభై రెండేళ్ల తర్వాత బెజవాడలో కలుస్తున్నారు. ఈలోగా మొహం కాస్త చూడబుద్ధయ్యేలా చేసుకోవాలి. గవర్నర్‌పేటలో చేనేత చీరల షాపు పెట్టిన దగ్గర్నుంచీ ఎండలో స్కూటరు మీద తిరిగి తిరిగి చెంపలు మాడిపోయాయి. అద్దం చూసుకున్నప్పుడల్లా ఆయనకు ఒకటే బెంగ, కాశిం తనను గుర్తుపడతాడా అని.

కాశిం, ఆయన ఐదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కాశింకు ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో లారీ టైర్ల షాపు ఉంది. వాట్సాప్ గ్రూపులో ఉన్నాడన్న మాటే గానీ ఒక్క ముక్క రాయడు. ఆదివారం వస్తాడో రాడో ఎవరికీ తెలియదు.

భార్య రాఘవమ్మకు తెలిస్తే నెలరోజులు నవ్వుతుందని, మల్లేశ్వరరావు కోడలు వినీలను చాటుగా అడిగాడు.

"కొత్తవాళ్లకి మూడే మూడు మావయ్యగారూ," అంది వినీల, మూడు ట్యూబులు చేతిలో పెడుతూ. "ముందు ఫేస్‌వాష్. కడుక్కున్నాక తువ్వాలుతో రుద్దకూడదు, అద్దుకోవాలి. తర్వాత మాయిశ్చరైజర్, శనగగింజంత. చివర్లో సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడుగునా తీసుకుని ఇంకిపోయేదాకా రాయాలి. మధ్యాహ్నం మళ్లీ ఓసారి."

బాత్రూంలోకి వెళ్లేసరికి ఆయన బుర్రలో మిగిలింది రెండే: రెండు వేళ్లు, రుద్దకూడదు. మూడో ట్యూబు దగ్గరకు రాగానే బయట్నుంచి రాఘవమ్మ, "ఏవండీ, లోపల నిద్రపోయారా?" అని తలుపు కొట్టింది. ఆయన కంగారులో రెండు వేళ్లకు బదులు నాలుగు వేళ్ల నిండా పిండి, మొహమంతా అద్దుకుని, ట్యూబు జేబులో వేసుకుని, హెల్మెట్ తగిలించుకుని బయటపడ్డాడు.

షాపులో హెల్మెట్ తీసేసరికి, పాతికేళ్లుగా అక్కడే పనిచేస్తున్న గుమాస్తా బసవపున్నయ్య చేతిలోని చీర జారవిడిచాడు.

"బాబుగారూ! మొహం తెల్లగా పాలిపోయిందేంటండీ?"

"ఏం లేదయ్యా," అన్నాడు మల్లేశ్వరరావు. క్రీము రాసుకున్నానని గుమాస్తాతో ఎలా చెప్తాడు? అంతలో చెమటతోపాటు ఆ క్రీము కళ్లలోకి కారింది. కళ్లు భగ్గుమన్నాయి. బొటబొటా నీళ్లు కారాయి.

"ఏడుస్తున్నారేంటండీ! గుండెలో నొప్పా?" అంటూ బసవపున్నయ్య ఆయన్ను పరుపు మీద పడుకోబెట్టి, ఓ అట్టముక్కతో విసురుతూ, ముందు రాఘవమ్మకూ తర్వాత వన్‌టౌన్‌లో ఉండే క్లాస్‌మేట్ వెంకటకృష్ణారావుకూ ఫోన్లు చేశాడు. వెంకటకృష్ణారావు గ్రూపులో రాశాడు: "మన మల్లేశం షాపులో పడిపోయాడట." రెండు నిమిషాల్లో ఎవరో "ఓం శాంతి" అని పెట్టేశారు. ఇక మిగతావాళ్లు ఆగలేదు.

మల్లేశ్వరరావు పడుకునే, మంటెత్తే కళ్లతో అవన్నీ చదివాడు. "పరీక్ష రోజు నాకు తన పెన్నిచ్చి, తను పెన్సిలుతో రాశాడు." "వాళ్ల మగ్గం గుంట గట్టు మీదే నేను ఎక్కాలు నేర్చుకున్నాను." "వాళ్లమ్మ చేతి పచ్చిపులుసు రుచి ఇంకా నాలిక మీదే ఉంది." ఆ పెన్సిలు సంగతి ఆయనే మర్చిపోయాడు. ఈసారి వచ్చిన కన్నీళ్లు క్రీమువి కావు. బతికే ఉన్నానని వెంటనే చెప్పాలి గానీ, ఇంకో నాలుగు చదివాక చెబుదామనిపించింది.

చివరికి రుజువు కోసం సెల్ఫీ తీసి పెట్టాడు. తెల్లటి మొహం, ఎర్రటి కళ్లు. కింద వెంటనే జవాబొచ్చింది: "అయ్యో, చివరి ఫోటో కాబోలు. చూడలేకపోతున్నాం."

గంట తర్వాత రాఘవమ్మ పాత ఈసీజీ కాగితాలు పట్టుకుని, ఏడుస్తూ ఆటో దిగింది. కొంగుతో ఆయన చెంప తుడిచింది. చెంప నల్లగానూ, కొంగు తెల్లగానూ తేలాయి. ఆమె కొంగు వాసన చూసింది.

"ఇదేంటండీ? సున్నమా?"

"సన్‌స్క్రీన్," అన్నాడాయన, గోడవైపు చూస్తూ.

రాఘవమ్మ తిట్టాలో నవ్వాలో తేల్చుకోకముందే, గ్రీజు మరకల చొక్కాతో ఓ పెద్దమనిషి రొప్పుతూ గుమ్మంలోకొచ్చాడు. పరుపు మీద సగం తెల్లగా, సగం నల్లగా ఉన్న మనిషిని చూసి, దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్ మల్లేశం! పౌడరు ఇంకా మానలేదట్రా నువ్వు?"

"కాశిం..."

పదో తరగతి గ్రూప్ ఫోటో రోజున వాళ్లిద్దరూ కాశిం వాళ్లక్క పౌడరు డబ్బా సగం ఖాళీ చేసి బడికి వెళ్లారు. హెడ్‌మాస్టరు బోరింగు దగ్గరకు పంపించి కడుక్కురమ్మన్నాడు. కడుక్కుని వచ్చేసరికి ఫోటో అయిపోయింది.

"ఆ ఫోటోలో మనిద్దరమూ లేంరా," అన్నాడు కాశిం, అతని చెయ్యి వదలకుండా. "గ్రూపులో ఎవరో ఆ ఫోటో పెట్టారు. అది చూసి ఏం రాయాలో తోచలేదు నాకు."

మల్లేశ్వరరావు జేబులోంచి ట్యూబు తీశాడు. కాశిం ఓ గుప్పెడు పిండుకుని, తన గడ్డం తప్పించి మొహమంతా అద్దుకున్నాడు. రాఘవమ్మ కళ్లు తుడుచుకుంటూ ఇద్దరికీ ఫోటో తీసింది.

ఆ ఫోటో గ్రూపులోకి వెళ్లాక మల్లేశం బతికే ఉన్నాడని అందరూ నమ్మారు. నమ్మిన మరుక్షణం, మొహాలు అలా మెరుస్తున్నాయేంటి, ఏం రాశారని అడిగారు. మల్లేశ్వరరావు వినీలను అడక్కుండా, తనకు గుర్తున్నంత మేరకు మూడు ట్యూబుల పద్ధతి శ్రద్ధగా రాసి పెట్టాడు. చివర, "రుద్దకూడదు, అద్దాలి" అని పెద్దక్షరాల్లో చేర్చాడు.

ఆదివారం ఫంక్షన్ హాలుకు ముప్పై ఎనిమిది మంది వచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టి లోపలికి పంపి, చివరికి ఉండబట్టలేక మల్లేశ్వరరావును పక్కకు పిలిచి, నాటకం ఎన్నింటికి మొదలవుతుందండీ అని అడిగాడు.