రేవులో పాట

సముద్రం అందరిదీ. అందులోని చేప పట్టుకున్నవాడిది. ఆ చేపను అమ్మడానికి పాడే పాట మాత్రం తీర మీన విక్రయ సంస్థది. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. సాక్షాత్తూ ప్రభుత్వ సంస్థ ముద్ర వేసి, తౌసిఫ్ ఆటో అద్దానికి అంటించిపోయిన నోటీసు.

తౌసిఫ్ జువ్వలదిన్నె రేవులో చేపలు కొని, ఆటోలో చుట్టుపక్కల ఊళ్ళకు తీసుకెళ్ళి అమ్ముతాడు. నాలుగేళ్ళ కిందట ఒక పాత సినిమా పాట బాణీ తీసుకుని, ప్రియురాలున్న చోట వంజరాన్ని, విరహమున్న చోట రొయ్యను పెట్టి, డప్పు దరువు కలిపి, సొంత గొంతుతో ఫోన్లో రికార్డు చేశాడు. సరిగ్గా రెండో చరణంలో అతని తల్లి సర్దార్‌బీ వంటింట్లోంచి, "తౌసిఫూ! టీ చల్లారిపోతా ఉండాది, తాగి పోరా అబ్బయా!" అని కేకేసింది. మళ్ళీ పాడే ఓపిక లేక అలాగే ఉంచి, రోజూ రేవులోనే ఆటో మైకులో మొదలుపెట్టేవాడు. జనం పాటకంటే ఆ కేకకే అలవాటుపడ్డారు. అది వినపడగానే గిన్నెలు పట్టుకుని వీధిలోకి వచ్చేవారు.

పోయిన నెల నుంచి గిన్నెలు రావడం మానేశాయి. తౌసిఫ్ కంటే అరగంట ముందే సంస్థవారి నీలం వ్యాను వస్తోంది మరి. అందులో ఐసు పెట్టె ఉంది, జెండా ఊపి ప్రారంభించిన ఫొటో ఉంది, తౌసిఫ్ పాట ఉంది. రెండో చరణంలో సర్దార్‌బీ కూడా ఉంది.

"నీ టీ గవర్మెంటు బండిలో చల్లారతా ఉండాది గదయ్యా!" అని, ఎప్పుడూ అతని దగ్గరే కొనే కామాక్షమ్మ నవ్వింది. తౌసిఫ్ ఆటోను అక్కడికక్కడే వెనక్కి తిప్పాడు.

నేరుగా సంస్థ మేనేజరు సమాధానం గారి దగ్గరికి వెళ్ళాడు. (పేరే అది. ప్రశ్న అడిగితే మాత్రం అర్జీ రాసుకురమ్మంటారు.) "ఫిర్యాదులు నాక్కాదు, న్యాయమైన పోటీ అధికారికి చెప్పుకో. భోజనం తర్వాత కూర్చుంటారు," అన్నారాయన. భోజనం తర్వాత సమాధానం గారే వచ్చి, బల్ల మీది పేరు పలకను వెనక్కి తిప్పి, "ఎవరు నువ్వు, నీ బాధేంది?" అన్నారు.

"నా పాట మీ బండోళ్ళు ఎత్తకపోయినారు సార్."

"మా బండి గాదు, సంస్థ బండి. నేనిప్పుడు సంస్థ గాదు. బాణీ నీదేనా?"

తౌసిఫ్ తల గోక్కున్నాడు. "సినిమా వాళ్ళది సార్."

"వాళ్ళని అడిగినావా?"

"లేదు సార్. అయినా వాళ్ళు నా వీధిలో చేపలమ్మరు గదా!"

"చూడు నాయనా, అడక్కుండా నువ్వు తీసుకుంటే దొంగతనం. ప్రభుత్వం తీసుకుంటే సేకరణ. రోడ్లకి భూములు సేకరించలా? అట్టనే." అని ఆయన నిబంధనల పుస్తకం తెరిచారు. తొమ్మిదో నిబంధన: 'రేవులో మొదలయ్యే ప్రతి పాటపైనా సర్వహక్కులు సంస్థవే.'

"అయ్యో, అది వేలం పాట సార్! చేపల గంపలకి పాడే పాట!"

"వేలం అనే మాట ఎక్కడుండాదో చూపించు."

ఎక్కడా లేదు. రాసినవారు చదివేవారికి తెలుగు వచ్చుననుకుని వదిలేశారు.

"పోనీ, మా అమ్మ గొంతన్నా ఇచ్చేయండి సార్. అందులో నా పేరుండాది."

"ఆ పొద్దు టీ తాగినావా?"

"తాగలా సార్. బేరం పోతాదని రేవుకి పరిగెత్తినా."

'పిలిచినా రాలేదు గనుక పిలుపుపై హక్కు వదులుకున్నాడు,' అని సమాధానం గారు రాసుకున్నారు.

తీర్పు పోటీ సూత్రాలకు పూర్తిగా లోబడి వచ్చింది. తౌసిఫ్ చేపలు నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు, నోరు తెరవకుండా. పై కేకను వీధిలోకి వినపడేలా ఎవరు వేయాలన్నా (సర్దార్‌బీ సహా) ముందస్తు అనుమతి తీసుకోవాలి.

మర్నాడు పొద్దున నీలం వ్యాను వాళ్ళ ఇంటి ముందు నుంచే వెళ్ళింది. "తౌసిఫూ! టీ చల్లారిపోతా ఉండాది..."

సర్దార్‌బీ చప్పుడు కాకుండా గ్లాసు తెచ్చి కొడుకు ముందు పెట్టింది. నాలుగేళ్ళలో మొదటిసారి తౌసిఫ్ టీ వేడివేడిగా, తీరుబడిగా తాగాడు. పరిగెత్తి అందుకోవాల్సిన బేరమేదీ మిగల్లేదు.