మోదుగాకులో ఇంత బలమా!

"ఏవండీ, ఆ కొండమీద ఆకుల్లో సీసం ఉందట! రేపు వనభోజనాలకి పిల్లని తీసుకెళ్లకపోతే ఏమవుతుందండీ? నోట్లోకి పోతే? బుర్రకెక్కితే?"

మా ఆయన వెంకటకృష్ణారావు గారు కాలనీ సంఘం ప్రెసిడెంటు. "నీకన్నీ భయాలే సుబ్బరత్నం! ఊరంతా ఆ ఆకుల్లోనే తినట్లా?" అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఆలోచించగా నాకూ జ్ఞానోదయమైంది. సీసమున్న ఆకు దొరకడం మా అదృష్టమండీ!

మాది విజయవాడ శివారు. కొండకి ఇటు మా కాలనీ, అటు పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ, మధ్యలో అడవి. మొన్న కాలేజీ పిల్లలెవరో ఆకులు కోసుకెళ్లి పరీక్ష చేస్తే సీసం, కాడ్మియం, జింకు తేలాయట. నేను టెన్త్ దాకా చదివాను కాబట్టి అవన్నీ లోహాలని తెలుసు.

లోహమంటే బలం కాదటండీ? గవర్నర్‌పేట మందుల షాపులో బలం బిళ్లల మీద జింకు అని గొప్పగా రాసుంటుంది. మా మోదుగ చెట్టుకి ఎవరూ లేబులు అంటించలేదు గానీ, అదేం తక్కువ తిందా?

పోనీ, పుష్కరాల్లో పిల్ల తప్పిపోయిందనుకోండి. మైకులో పేరు చెప్పించక్కర్లేదు. మెటల్ డిటెక్టరు పట్టుకుని ఘాటు పొడుగునా నడిస్తే చాలు. కుయ్‌మన్న చోట మా కీర్తన!

కంకిపాడులో మా అక్కకి ఈ యోగమేదీ? పాపం, వట్టి పచ్చటి ఆకులు. మావైతే మెరిసే పూతతో సహా!

వనభోజనాలకి ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ ఫ్యాక్టరీ మేనేజరు గారే! షామియానా ఆయనదే, వంటవాళ్లూ ఆయన పంపినవాళ్లే. ఉసిరిచెట్టు కింద మైకు పట్టుకుని, "మా గొట్టంలోంచి వచ్చేది పొగ కాదండీ, ఆవిరి" అన్నారు. అందరూ చప్పట్లు. మా ఆయనవి అందరికన్నా గట్టిగా!

మా కాలనీలో ఒక ఆనవాయితీ ఉంది. కొండమీది మోదుగాకులు కోసి అక్కడికక్కడే విస్తర్లు కుట్టాలి. అతిథి మొదటి ముద్ద తినేదాకా ఎవరూ ముట్టకూడదు.

మేనేజరు గారి విస్తరి మీద నీళ్లు చిలకరించి తుడిచాను. బూడిదరంగు నీళ్లు కారాయి. మళ్లీ తుడిచాను, మళ్లీ అంతే. దాని మీదే పులిహోర వడ్డించాను. పక్క విస్తరి ముందు కీర్తన ఆకలిగా ఆయన చేతివంకే చూస్తోంది.

"కానివ్వండి సార్, బలం! మీరు తింటేగానీ మా పిల్ల ముట్టదు. దాన్ని తినమంటారా, వద్దంటారా? మీరే చెప్పండి" అన్నాను.

ఆయన విస్తరి వంక చూశారు. కొండ వంక చూశారు. మైకు ఎవరూ ఆపలేదు. మా ఆయన నావైపు కళ్లురిమి, తర్వాత పిల్లని చూసి, ఎందుకో తలొంచుకున్నారు.

మేనేజరు గారు విస్తరిని పక్కకి జరిపారు.

"కార్లో నా స్టీలు క్యారేజీ ఉందమ్మా, తెప్పించండి. పాపకి కూడా... అందులోదే పెట్టండి."