మైకుకు నామకరణం

మనిషి నోటి నుంచి వచ్చిన మాట నేరుగా జనం చెవిలో పడటం అనాగరికమని మా రేడియో కేంద్రం ఆధునికీకరణ సంఘం తీర్మానించింది. ఇన్నాళ్లూ అనౌన్సర్ అక్క మైకు ముందు కూర్చుని, మీట పైకి జరిపి మాట్లాడేసేది. ఊరు వినేసేది. మధ్యలో ఎవరి అనుమతీ ఉండేది కాదు. (ఈ అరాచకాన్ని ఎలా భరించామో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.)

అందుకని నెట్‌వర్క్ కన్సోల్ తెప్పించారు. చిన్న పెట్టె, దాని మీద మూడు బొత్తాలు: ప్రసారానికి ఒకటి, దగ్గు వస్తే మైకు మూయడానికి ఒకటి, అద్దం అవతలి ఇంజినీరుతో మాట్లాడటానికి ఒకటి. ఏ మైకు గొంతు ఎక్కడికి పోవాలో పేరును బట్టి అదే చూసుకుంటుంది. ఇంజినీరు ‘మైకు ఒకటి’ అని పేరు పెట్టి, ప్రసారానికి కలిపి, చేతులు దులుపుకున్నాడు. చక్కగా పనిచేసింది. అక్కడితో ఆగితే అది ఆఫీసెందుకవుతుంది?

డైరెక్టర్ గారు తెర మీద ఆ పేరు చూసి నొచ్చుకున్నారు.

“ఏంటయ్యా, దిక్కులేనివాడిలా ఆ పేరు?”

“పేరు మారిస్తే లంకె తెగిపోతుంది సార్. మళ్లీ కలపాలి.”

“కలుపు.”

“పాస్‌వర్డ్ నిన్ననే సంఘం తీసేసుకుంది సార్.”

సంఘం కూర్చుని మైకుకు ‘ప్రజావాణి ప్రధాన ధ్వనిగ్రాహక సాధనం’ అని నామకరణం చేసింది. దాన్ని డైరెక్టర్ గారి గదిలోని స్పీకరుకు కలిపింది. ప్రసారానికి కలపడం మాత్రం అజెండాలో లేనందున వచ్చే సమావేశానికి వాయిదా వేసింది. (దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా పూజారులకు సంఘం కూడా ఉంది.) అంతవరకూ ఊరికి రికార్డు చేసిన వేణువు వినిపించాలని నిర్ణయమైంది.

ఆ మధ్యాహ్నమే ఆనకట్ట నుంచి కబురొచ్చింది. గేట్లు ఎత్తుతున్నారు, ఏటి ఒడ్డు వీధులు వెంటనే ఖాళీ చేయాలి. అక్క బొత్తం నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. హెచ్చరికను రెండుసార్లు చదివింది. అద్దం అవతల ఇంజినీరు తల అడ్డంగా ఊపాడు.

“బయటికి పోవట్లేదక్కా. ఊళ్లో వేణువే వస్తోంది.”

“మరి నన్నెవరు వింటున్నారు?”

“డైరెక్టర్ గారు.”

“ఆయనిల్లు ఏటి ఒడ్డునా?”

“కొండ మీద.”

అక్క పరుగున ఆయన గదికి వెళ్లింది. అక్కడ చేరిన సంఘం సభ్యులు చప్పట్లు కొట్టారు.

“ఎంత స్పష్టంగా ఉందమ్మా! పక్కనే కూర్చుని చెప్పినట్టుంది.”

“ఊరికి వినపడలేదు సార్. పాస్‌వర్డ్ ఇవ్వండి. మా చెల్లి పిల్లలతో ఆ ఒడ్డునే ఉంటోంది.”

“సభ్యులందరి సంతకాలూ కావాలమ్మా. ఒకాయన సెలవులో ఉన్నారు. టీ తాగుతావా?”

అక్క వసారాలోకి వచ్చి చెల్లికి ఫోన్ చేసింది. “ఒసేయ్, పొయ్యి కట్టేసి పిల్లల్ని తీసుకుని మిట్ట మీదకి పో. వీధంతా అరుచుకుంటూ పో.” చెల్లి గొంతుకు ఏ లంకెతోనూ పనిలేదు. ఆ వీధి ఖాళీ అయింది. మిగతా వీధులవాళ్లు వేణువు వింటూ కూర్చున్నారు, మంచాల కిందకి నీళ్లు వచ్చేదాకా.

ఒక వీధి సకాలంలో ఖాళీ అయినందున కన్సోల్ పనితీరు సంతృప్తికరమని సంఘం నివేదిక రాసింది. డ్యూటీలో సొంత ఫోను వాడినందుకు అక్కకు మెమో ఇచ్చి, విచారణకు పిలిచింది.

“ఒక్క వీధికే చెప్పి మిగతా వీధుల పట్ల వివక్ష ఎందుకు చూపించారు?”



“అక్కడ నాకు చెల్లెళ్లు లేరండి.”