కారం మిల్లుపై ఒత్తు సన్నాయి దండయాత్ర

ఆగండి! ఎక్కడికండీ ఆ పరుగు? చేతిలో సంచీ కింద పెట్టండి, చెవులు రెండూ ఇటు తిప్పండి, ఊపిరి బిగబట్టి వినండి. ఇలాంటి యుద్ధం మళ్లీ జరగదు, జరిగినా ఇంత బాగా చెప్పేవాళ్లు దొరకరు!

స్వస్తిశ్రీ విక్రమ నామ సంవత్సర చైత్ర శుద్ధ పక్షమునందు, అనగా రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ నిలిచిపోతాయని గజగజలాడిన భూగోళం, ఏదీ నిలవకపోయేసరికి కాస్త చిన్నబుచ్చుకొని తన పనిలో తాను పడిన ఆ ఏటి వసంతర్తువునందు, పత్తి కట్టె పీకిన నల్లరేగడి నేల నోళ్లు తెరచి నింగిని నీళ్లడుగుచుండగా, కల్లాలలో ఆరబోసిన మిరపపండ్ల రక్తకాంతికి సూర్యుడంతటివాడే కళ్లు చికిలించుచుండగా, గుంటూరు మండల దక్షిణదిశాలంకారమగు ప్రత్తిపాడు మహాగ్రామమున, కారం మిల్లు వీధిలో, పొద్దు పొద్దున్నే, మహాసంగ్రామ మొకటి సంప్రాప్తమయ్యె!

దానికి మూలకారణం రేడియో. ఏడాది పొడవునా ధరవరలు, వాతావరణం, పురుగుమందుల మోతాదులు చెప్పి చెప్పి అలసిన ఆ గగనచారిణి, పండగొచ్చిందంటే చాలు పట్టుచీర కట్టుకొంటుంది. ఉగాది మొదలు శ్రీరామనవమి దాకా రోజుకొక ప్రత్యేక శాస్త్రీయ సంగీత కార్యక్రమం! ఆ వరసలో ఆనాటి ఉదయం, నెల కిందటే బెజవాడ వెళ్లి రికార్డు చేయించుకొని వచ్చిన మన ఊరి బృందం వంతు. నాదస్వరం మీరా హుస్సేన్. డోలు మొహిద్దీన్ బాషా. ఇక మూడవవాడే మన కథానాయకుడు, నిశ్చలనాదధురంధరుడు, కపోలద్వయవాయుభాండారుడు, ఏకస్వరసామ్రాజ్యసార్వభౌముడు, శ్రీమాన్ జాన్ బాషా!

ఆయన ఊదేది ఒత్తు. చూడ్డానికి సన్నాయిలాగే ఉంటుంది కానీ రాగం పలకదు. పక్కన పెద్దాయన రాగాల మేడలు కడుతుంటే, ఈయన కింద పునాదిలా ఒకే ఒక్క స్వరం పట్టుకొని, బుగ్గల్లో గాలి నింపుకొని, ముక్కుతో ఊపిరి దొంగిలిస్తూ, కచేరీ మొదలు నుంచి మంగళం దాకా "ఊఁ..." అంటూ తెగకుండా నిలబెట్టాలి. తెగితే అందరికీ వినపడుతుంది. తెగకపోతే ఎవరికీ వినపడదు. లోకంలో ఇంతకన్నా అన్యాయమైన కళ ఇంకొకటి ఉంటే చూపించండి!

ముందురోజు ఆ మిల్లు వరసలోనే అగ్గి రాజుకొంది. జాన్ బాషా అర్ధాంగి, ప్రతిజ్ఞాపాలనప్రచండ మాబూబీ, "రేపు మా ఆయన రేడియోలో వస్తన్నాడు" అని చాటగానే, ఆవకాయ కారానికి కాయలు పట్టించుకోవడానికి వచ్చిన సుబ్బరావమ్మ, ఎవరి గొప్పనైనా ఒక్క మాటతో పిండి చేయగల ఆ పరుషవాక్పేషణి, డబ్బా మీద చెయ్యేసి ఇట్లు పలికె:

"ఏందే మాబూ, మీ ఆయనా? ఆ 'ఊఁ' అని ఒక్క కూత కూసేదానికి బెజవాడ దాకా పిలిపించారా? మన మిల్లు జయరావు మోటారుని పట్టుకుపోతే సరిపోయేదిగా! దానికి టిఫినీ ఖర్చు కూడా ఉండదు!"

వరసంతా ఘొల్లుమన్నది. మాబూబీ కనుకొలకులు పండుమిరపలయ్యాయి. కొంగు బిగించి, దిక్కులు దద్దరిల్లునట్లు:

"నవ్వండి, బాగా నవ్వండి! రేపు ఇదే వరసలో, ఇదే మిల్లు ముందర, రేడియో మా ఆయన పేరు చెబుద్ది. మీ చెవుల్లో పడకపోయిందో, ఈ జన్మలో ఆవకాయ ముట్టను!"

ఆవకాయ! గుంటూరు గడ్డ మీద పుట్టి, వేడి అన్నంలో వేలు పెట్టిన నాటి నుంచి ఎరిగిన ఆవకాయ! వరస చప్పున నోరు మూసుకొంది. మిల్లు యజమాని జయరావు చేతిలోని చేట జారింది.

తెల్లవారింది. కుడిచేత ట్రాన్సిస్టరు గదలా ఊపుకుంటూ మాబూబీ రణరంగప్రవేశం చేసింది. వెనకాలే, తన యుద్ధానికి తానే భయపడుతూ, జాన్ బాషా.

"ఎందుకే ఈ గోల? మన పాటికి మనం పొలం గట్టుకెళ్తే శుభ్రంగా వినపడుద్దిగా."

"గట్టుకి నీ పేరు తెలిస్తే ఏం లాభమయ్యా? గట్టొచ్చి సుబ్బరావమ్మ పిన్నికి చెబుద్దా?"

జాన్ బాషా "ఊఁ" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచీ ఇంట్లో కూడా ఆయన శ్రుతి పక్షమే.

ఇక శత్రువును చూడండి! దశాశ్వశక్తిసమన్వితము, జీర్ణబెల్టుబంధురము, రక్తధూళిధూసరము అగు ఆ మోటారు తిరిగిందా, వీధిలో ఏ రేడియో అయినా గరగరలాడటమే తప్ప మాట పలకదు. అదొక్కటే అయితే సరే. దాని హోరు ఉందే, "ఊఁ..." అని, అచ్చంగా జాన్ బాషా స్వరమే! అదే శ్రుతి, అదే నిలకడ. తన గొంతుతోనే తనను మింగే శత్రువుతో ఎవరండీ పోరాడేది?

ట్రాన్సిస్టరు మేలుకొంది. "ప్రత్యేక సంగీత కార్యక్రమంలో ఇప్పుడు..." అంతే, మిగతా అంతా గరగర. పేర్లన్నీ కారంలో కలిసిపోయాయి.

"అయిపాయె!" అన్నది సుబ్బరావమ్మ.

"ఏం అవలా! కచేరీ అయ్యాక పేర్లు మళ్లీ చెప్తారు," అని గర్జించి, మాబూబీ జయరావు మీదికి లంఘించింది. "అన్నా, ఆపు మిల్లు!"

"ఆపితే ఎట్టా చెల్లెమ్మా? ఆవకాయ రోజులు. వరస చూడు, మలుపు దాటింది."

"మొన్న క్రిస్మస్‌కి మీ రెబ్కా వాళ్ల చర్చి పాటలు రేడియోలో వచ్చినప్పుడు మిల్లు ఆపలా? పసుపు కొమ్ములు పట్టుకొని నేను నిలబడలా? పాట బాగుందని మెచ్చుకోలా? నీ కూతురి పాటైతే పాట, మా ఆయన ఊదితే ఊకనా?"

ఆ వాక్యబాణం సూటిగా తగిలింది. కూతురి పేరు వినగానే జయరావు కళ్లు చెమర్చాయి. కారం ఘాటుకే అని తర్వాత చెప్పాడనుకోండి. "ఆపుతానమ్మా, ప్రభువు తోడు ఆపుతా. కానీ తొట్టిలో పిన్ని కాయలున్నయ్. మధ్యలో ఆపితే ఇరుక్కుపోద్ది, మళ్లీ బెల్టు లాగదు. అవి దిగిపోనీ, కట్టేస్తా."

అప్పుడు చూడాలి సుబ్బరావమ్మ కపటయుద్ధం! తొట్టి సగం దిగిందో లేదో, రెండో డబ్బా ఎత్తి ధడాలున కుమ్మరించేసింది.

"పిన్నీ!"

"నా వంతు నాది! నిన్న వంతే రాలా, ఇయ్యాల పొద్దున్నుంచీ నిలబడ్డా, కాళ్లు పీకుతున్నయ్. నీ మొగుడి కూత కోసం నా ఆవకాయ మానుకోనా?"

మిరపకాయలు మెల్లగా, అతి మెల్లగా, పెళ్లికూతురిలా దిగుతున్నాయి. ట్రాన్సిస్టరులో కచేరీ కరిగిపోతోంది. మాబూబీకి ఎదురుగా ఒక జీవితకాలపు ఆవకాయ జాడీలు వరసగా వీడ్కోలు పలుకుతున్నట్లు కనపడ్డాయి.

అప్పుడు కదిలాడండీ జాన్ బాషా!

 భుజాన తువ్వాలు కూడా తీసి పక్కన పెట్టాడు. తొట్టి మూతి దగ్గరికి, ముక్కుకు నాలుగు మడతల గుడ్డ కట్టుకొని జయరావే నిలవలేని ఆ ఘాటుజ్వాలాముఖంలోకి, ఉత్త ముఖంతో వెళ్లి నిలబడ్డాడు. రెండు బుగ్గలూ పూరించాడు. కర్ర తీసుకొని సుబ్బరావమ్మ కాయల్ని కిందికి తోయడం మొదలెట్టాడు. ఎర్రటి దుమ్ము మీసాల మీద పేరుకొంది, కళ్ల నుంచి నీళ్లు ధార కట్టాయి, చేతులు మండిపోయాయి. ఒక్క దగ్గు లేదు! ఒక్క తుమ్ము లేదు! ఎందుకుంటుంది? ఒత్తు ఊదేవాడు పెళ్లిపందిట్లో తుమ్మితే ముహూర్తం చెడుతుంది, అందుకని ఆయన చిన్నప్పుడే తుమ్మును మానేశాడు. నోరు తెరుచుకొని చూస్తోంది సుబ్బరావమ్మ. ఆ కాయలు తనవి. ఆ మంట ఆయనది.

తొట్టి అడుగు కనపడింది. "కట్టెయ్!" అన్నది మాబూబీ. జయరావు స్టార్టరు మీద చరిచాడు. బెల్టు మూలిగింది, తడబడింది, ఆగింది.

కానీ హోరు ఆగలేదు.

"ఏందయ్యా జయరావు," సుబ్బరావమ్మ చిరాకు పడింది, "కట్టేశానంటివి, ఇంకా మోగుద్దేం?"

జయరావు మోటారు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత మాబూబీ చేతిలోని ట్రాన్సిస్టరు వైపు చూశాడు. "మోటారు ఆగింది పిన్నీ," అన్నాడు మెల్లగా. "అది జాన్ బాషా."

"ఊఁ..." గరగర లేదు, కల్తీ లేదు. దాని మీద మీరా హుస్సేన్ సన్నాయి మంగళం అందుకొని పైపైకి పోతుంటే, కింద ఆ ఒక్క స్వరం నేలలా పరుచుకొని ఉంది. వీధి వీధంతా దాని మీద నిలబడి విన్నది. డబ్బాల వాళ్లు, సంచుల వాళ్లు, అంతా. మంగళం అయింది. మాబూబీ ట్రాన్సిస్టరును నెత్తి కంటే పైకెత్తింది. రేడియోలోని మృదుగంభీరకంఠం పలికింది:

"ఇంతవరకు నాదస్వర కచేరీ విన్నారు. నాదస్వరం, మీరా హుస్సేన్. డోలు, మొహిద్దీన్ బాషా..."

సరిగ్గా అప్పుడు, మోటారు ఆగాక గాలిలో తేలి తేలి దిగుతున్న కారం సుబ్బరావమ్మ ముక్కును చేరింది. ఆమె ఆపాలని చూసింది, పాపం. రెండు చేతులా ముక్కు పట్టుకొంది. ప్రళయకాలమేఘం పగిలినట్లు తుమ్మింది. దాంతో వరసలో ఒకరి తర్వాత ఒకరు, మలుపు దాకా, ఫెళఫెళార్భటులతో తుమ్మేశారు!

తుమ్ములు తగ్గేసరికి రేడియో మిర్చి ధరలు చెబుతోంది.

మూడో పేరు చెప్పాడా? చెప్పలేదా? ఎవరికీ తెలియదు. మాబూబీ చెయ్యి మెల్లగా దిగింది. జాన్ బాషా కమిలిన చేతులు లుంగీకి తుడుచుకొంటూ, "పోనీలేవే" అన్నాడు. అంతే అన్నాడు.

సుబ్బరావమ్మ ఆ చేతులు చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకొని, గొంతు సవరించుకొంది.

"నేను విన్నా," అన్నది. "ఒత్తు, జాన్ బాషా. శుభ్రంగా చెప్పాడు."

"ముందు తుమ్మింది నువ్వే కదా పిన్నీ!" అన్నాడు జయరావు.

"తుమ్మింది ముక్కయ్యా! విన్నది చెవి! నా చెవుల్నే అనుమానిస్తావా?"

ఇక చూస్కోండి. నేనూ విన్నానంటే నేనూ విన్నానన్నారు. "శ్రీ జాన్ బాషా" అన్నాడని ఒకరు, "ప్రత్తిపాడు వాస్తవ్యులు" అని కూడా అన్నాడని ఇంకొకరు. మలుపు అవతల, రేడియో కూడా కనపడని చోట నిలబడ్డావిడ, పేరు రెండుసార్లు చెప్పాడని ఒట్టేసింది.

జయము జయము! ఏకస్వరసార్వభౌముని నామధేయము కారం మిల్లు వీధి అనబడు ఒక్క వీధిలో, ఆ మలుపు దాకా, శాశ్వతముగా ప్రతిష్ఠితమయ్యె! మాబూబీ ఆ మధ్యాహ్నమే వేడి అన్నంలో అప్పటికప్పుడు పెట్టిన కొత్తావకాయ కలుపుకొంది. ఆ కారం, జాన్ బాషా కర్రతో దించిన ఆ రెండో డబ్బా లోనిదే, సుబ్బరావమ్మ స్వయంగా తెచ్చి ఇచ్చింది.

రేడియో నిజంగా ఏమన్నదో నాకు తెలుసు. చెప్పను. మీరు చెప్పండి. ఆ వరసలో, ముక్కు మండుతూ, ఆ కమిలిన చేతుల ఎదురుగా మీరు నిలబడి ఉంటే, విన్నాననేవారా, తుమ్మాననేవారా?