గిరిసోల మోడల్ బావి

"ఇక మీదట గంజాం జిల్లాలో ఒక్క పలుకు యూరియా కూడా మా అనుమతి లేకుండా భూమిలోకి ఇంకడానికి వీల్లేదు!" అని నాగేంద్రప్రసాద్ గారు బరంపురంలో ప్రకటించారు. భూగర్భ జల రక్షణాధికారి అంటే అలా ఉండాలి. కొత్త రూలు కూడా ఆయన రాసిందే. బావికి వంద గజాల లోపు ఎరువు చల్లితే జరిమానా.

మర్నాడే గిరిసోల స్టేషన్ దగ్గర టీ కొట్టు పెట్టుకున్న గౌరమ్మ అర్జీ పెట్టింది. ఆమె బావి పక్కనే యూరియా దట్టించిన వంకాయ తోట. నీళ్లు కంపు, టీ కంపు, బేరాల్లేవు. పాపం, కొట్టు మూసుకునే గతి పట్టింది.

నాగేంద్రప్రసాద్ స్వయంగా టేపు పట్టుకుని జీపు దిగారు. బావికీ తోటకీ మధ్య పది అడుగులు తేలింది. చలానా తీస్తూ, తోట ఎవరిదని అడిగారు. అధికార పార్టీ బ్లాక్ ప్రెసిడెంట్ ఆదినారాయణదన్నారు. అధికారి గారి ప్రమోషన్ ఫైలు కదలాలంటే ఆ ఆదినారాయణే మంత్రిగారి చెవిలో ఊదాలి. చలానా జేబులోకి వెళ్లిపోయింది. ఆయన గౌరమ్మ వైపు తిరిగారు.

"ఈ బావికి పర్మిషనుందా?"

"పర్మిషనేటి బాబూ? మా మావ తవ్వేడు, నీరు పడ్డాది."

"అయితే ఇది బావి కాదు."

"మరేటి బాబూ?"

"గొయ్యి."

సాయంత్రానికల్లా ఒడియా, తెలుగు, ఇంగ్లీషుల్లో 'ఇది బావి కాదు' అని బోర్డు వేలాడింది. వంద గజాల్లో బావి లేదు కనుక కాలుష్యం నిల్ అని రిపోర్టు వెళ్లింది. జీపులోకి ఓ బుట్టెడు వంకాయలు కూడా వెళ్లాయి.

రిపోర్టులో మెరిసిన ఈ 'గిరిసోల మోడల్' చూడ్డానికి సాక్షాత్తూ మంత్రిగారే వచ్చారు. బావి పక్కనే వేసిన వేదిక మీద, ఆ తోట వంకాయలతోనే వేడి వేడి బజ్జీలు పెట్టారు. మొదటి బజ్జీకే మంత్రిగారికి పొలమారి, కళ్లు తేలవేశారు.

"నీళ్లు! నీళ్లు తోడు గౌరమ్మా!" అని అధికారి కేకేశారు.

"గోతిలో నీరు మంత్రిగారికెలాగిత్తాను బాబూ? తప్పు కాదేటి?"

నాగేంద్రప్రసాద్‌కి ప్రమోషన్ కళ్ల ముందే ఊపిరాడక కొట్టుకుంటోంది. పరుగున వెళ్లి బోర్డు పీకేశారు. "ఇది బావే! తోడు!"

గౌరమ్మ తోడింది. మంత్రిగారు గుక్కెడు తాగి, మిగతాది ఉమ్మేశారు.

"ఛీ! ఇవేం నీళ్లయ్యా?"

అధికారి తొణకలేదు. పీకిన బోర్డు తీసి మళ్లీ భక్తిగా మేకుకు తగిలించారు.

"ఇక్కడ నీళ్లే లేవు సర్."

మంత్రిగారు బోర్డు చదివి, మూతి తుడుచుకుని, చప్పట్లు కొట్టారు. జనమూ కొట్టారు.

గౌరమ్మ బకెట్లో మిగిలిన ఆ నీళ్లే టీ గిన్నెలో వంపి, స్టవ్ వెలిగించింది.

"మీ ఇద్దరికీ టీ ఎట్టీమంటారా బాబూ?"