డస్టరున్నవారే నొక్కాలి

ఆ ఉదయం బడిలో కంప్యూటర్ టీచరు లోవలక్ష్మి వేసుకున్న పథకం చాలా మామూలుది. పై ఆఫీసు నుంచి అధికారి వచ్చేలోగా టీచర్లు తమ కంప్యూటర్లలో ఎక్కించిన మార్కులన్నీ మూలనున్న పెద్ద కంప్యూటర్‌కు పంపేస్తారు. ఆయన చూసి బాగుందంటే ఆమె కాంట్రాక్టు మరో ఏడాది సాగుతుంది. బాగాలేదంటే సామర్లకోటలో అక్కగారింట్లో ఖాళీగా కూర్చోవాలి.

చిక్కల్లా తీగతోనే. రాజమండ్రి నుంచి తెచ్చిన ఆ పాత కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒకటే తీగ. ఇద్దరు ఒకేసారి పంపితే ఇద్దరి మార్కుల మూటలూ దారిలో ఢీకొని, తెరలు బిగుసుకుపోయేవి. అందుకని ఆమె బోర్డు దగ్గరి డస్టరు తీసి చూపించింది.

"ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఎంటర్ నొక్కాలండి. అవగానే పక్కవాళ్లకి ఇచ్చెయ్యండి."

మొదట తెలుగు టీచరు సూర్యకాంతమ్మగారికి ఇచ్చింది. ఆవిడ డస్టరు వంక ఒకసారి, హెడ్మాస్టరు గోపాలకృష్ణంరాజుగారి వంక ఒకసారి చూశారు.

"రాజుగారుండగా నేను ముందు నొక్కితే ఏం బాగుంటుందండీ?"

"భలేవారే. సర్వీసులో మీరే కదండీ పెద్ద. కానివ్వండి."

"పోనీ లాజరుగారూ, లెక్కల మార్కులు ముందెళితే మంచిదేమో."

"అమ్మో, నేను నిన్నగాక మొన్న వచ్చినోణ్ణండి," అంటూ లాజరు డస్టరును రెండు చేతులా రాజుగారికి అందించాడు.

డస్టరు గదంతా తిరుగుతోంది. తీగ మీద ఒక్క మార్కూ కదలడం లేదు. ఎవరో ఒకరు నొక్కండని అనబోయి లోవలక్ష్మి ఆగిపోయింది. అందరూ ఆమెకన్నా పెద్దవాళ్లు.

బయట జీపు ఆగింది. రాజుగారు గబగబా లేచి ఎదురెళ్లారు, డస్టరుతో సహా.

"ఇప్పుడెలాగమ్మా?" అన్నారు సూర్యకాంతమ్మగారు. "నొక్కుదామంటే డస్టరేదీ?"

లోవలక్ష్మి పక్క క్లాసు నుంచి మరో డస్టరు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఇంతలో రాజుగారు అధికారిని లోపలికి తీసుకొచ్చారు. "మా పద్ధతి ఇదండీ," అని తన డస్టరు పైకెత్తి చూపిస్తూ ఎంటర్ నొక్కారు. ధైర్యం తెచ్చుకుని సూర్యకాంతమ్మగారూ అప్పుడే నొక్కారు. రెండు తెరలూ బిగుసుకున్నాయి.

లోవలక్ష్మి రెంటినీ ఆపి మళ్లీ వేసింది.

"ముందు మీరు కానివ్వండి."

"అబ్బే, మీరే కానివ్వండి."

ఇద్దరూ మర్యాదగా ఆగారు. అవతలివారు నొక్కరని తేల్చుకున్నాక, అంతే మర్యాదగా ఇద్దరూ ఒక్కసారే నొక్కారు. మళ్లీ అదే. ఆగడంలో కూడా ఇద్దరిదీ ఒకటే లెక్క. అధికారి వాచీ చూసుకున్నారు.

ఆయా సుబ్బాయమ్మ టీ తెచ్చింది. అలవాటు చొప్పున కిటికీ పక్క బల్ల మీద కూడా ఒక గ్లాసు పెట్టింది. అక్కడ కూర్చునే బుల్లియ్య మాస్టారు పోయి నెల దాటింది. లోవలక్ష్మి ఆ గ్లాసు తీసి అధికారికి అందించింది. అందరూ తలో తీరుగా తాగుతుంటే ఆమెకు దారి తోచింది.

"డస్టర్లు పక్కన పెట్టేద్దామండి. ఎవరి గ్లాసు ఖాళీ అయితే వాళ్లు నొక్కండి."

లాజరు టీ పొగలు కక్కుతుండగానే తాగేసి నొక్కాడు. లెక్కల మార్కులు వెళ్లిపోయాయి. రాజుగారు కబుర్ల మధ్య తాగి నొక్కారు. సూర్యకాంతమ్మగారు ఊదుకుంటూ ఊదుకుంటూ ఆఖరున నొక్కారు. ఎవరికీ ఎవరూ అడ్డం రాలేదు.

అధికారి గ్లాసు కింద పెట్టారు.

"రాజుగారూ, నిజం చెప్పాలంటే ఈ పోస్టు తీసేద్దామనే వచ్చానండి. అన్నీ కంప్యూటర్లే చేసుకుంటుంటే మళ్లీ టీచరెందుకని పైవాళ్ల ప్రశ్న."

లోవలక్ష్మి బల్ల అంచు పట్టుకుంది.

"మీరంతా చకచకా పంపేసుంటే, అక్కర్లేదని రాసేసి ఈపాటికి వెళ్లిపోయేవాణ్ణి. ఇది కళ్లారా చూశాక ఎలా రాస్తానండీ? ఈ అమ్మాయి ఉండాలి."

"చాలా సంతోషమండి," అన్నారు రాజుగారు.

ఆమెకు మరో ఏడాది పొడిగించారు. కాకపోతే పిల్లల క్లాసులు తగ్గించి, ఉపాధ్యాయుల క్లాసులు వేశారు.