బక్ హాలో ట్రస్టీగారి జీరో టర్న్

ఇకపై బక్ హాలో టౌన్‌షిప్ తన గడ్డి తానే కోసుకుంటుందని, కొత్తగా ఎన్నికైన ట్రస్టీ వెర్లిన్ స్టకీ శ్మశానం గేటు ముందు నిలబడి ప్రకటించాడు. ఇండియానా రాష్ట్రంలో ఇంత గంభీరమైన ప్రకటన ఈ మధ్య ఎవరూ చేసి ఉండరని ఆయన నమ్మకం. వినడానికి వచ్చినవాళ్లలో సగం మంది సమాధుల్లో ఉన్నవారి బంధువులు. మిగతా సగం డోనట్ల కోసం వచ్చారు.

పాత ట్రస్టీ ఆర్విల్ ప్రూయిట్ బతికున్నన్నాళ్లూ ఈ పని కాంట్రాక్టుకిచ్చేవాడు. కాంట్రాక్టరు వచ్చేవాడు, కోసేవాడు, పోయేవాడు. అందులో ప్రజలకు ఉత్తేజం కలిగించేది ఏమీ ఉండేది కాదు. వెర్లిన్ గెలవగానే ఆ కాంట్రాక్టు రద్దుచేసి, పక్క కౌంటీవాళ్లు వేలంలో వదిలించుకున్న, గడ్డి కోసే పెద్ద జీరో టర్న్ మోవర్ ఒకటి కొన్నాడు. దానికి స్టీరింగు ఉండదు. రెండు చేతులకీ రెండు లీవర్లు. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తోస్తే నిలబడ్డచోటే గిర్రున తిరిగిపోతుంది.

"రాజకీయాల్లో ఉన్నవాడికి ఇంతకన్నా తగిన వాహనం ఏముంది?" అని వెర్లిన్ తనమీద తానే జోకు వేసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

మొదటి వరుస నున్నగా వచ్చింది. రెండో వరుసలో ఆయన జనానికి చెయ్యి ఊపాడు. చెయ్యి ఊపాలంటే లీవరు వదలాలి. మోవర్ తన స్వభావం కొద్దీ తిరిగి, ఒక సమాధిరాతి దిమ్మెను గుద్దుకుంది. కింద బ్లేడ్లుండే డెక్‌లో ఏదో ఫటేలుమంది.

ఆ రాయి ఆర్విల్ ప్రూయిట్‌ది.

"చచ్చినా కాంట్రాక్టు వదల్లేదయ్యా మా ఆయన," అంది ఆర్విల్ భార్య లొరెట్టా, డోనట్ నములుతూ.

డెక్ ఎత్తి చూస్తే ఎడమ బ్లేడును తిప్పే స్పిండిల్ గూడు రెండు చెక్కలైంది. లోపలి బేరింగులు గ్రీజు మొహం చూసి ఎన్నాళ్లయిందో. కొనేముందు వెర్లిన్ యంత్రాన్ని స్వయంగా తనిఖీ చేశాడు. అంటే, సీటు మీద కూచుని మెత్తగా ఉందని తేల్చుకున్నాడు.

విడిభాగాల దుకాణం ఎల్విన్ రూడ్‌కి ఫోన్ చేశాడు.

"మోడల్ నంబరు చెప్పు," అన్నాడు ఎల్విన్.

"ఎర్రది."

"ఎర్రది అన్నది నంబరు కాదు వెర్లిన్. సీటు కింద రేకు ఉంటుంది, చూడు."

రేకు ఉంది. పాత యజమానులు దానిమీద కూడా శ్రద్ధగా పెయింటు వేశారు. వెర్లిన్ ఉలి తెచ్చి ఓపిగ్గా గీకాడు. పెయింటు వచ్చింది. నంబరూ వచ్చేసింది.

"ఇప్పుడేం కనిపిస్తోంది?"

"నా మొహం. తళతళలాడుతోంది."

ఆ మోవర్ చేసిన కంపెనీని ఇంకో కంపెనీ మింగేసిందట. ఆ మింగిన కంపెనీకి తాను ఏం మింగిందో గుర్తులేదట. ఎల్విన్ ఊహ మీద ఒక గూడు తెప్పించాడు. బోల్టు రంధ్రాలు వేలెడు ఎడంగా ఉన్నాయి.

"చాలా దగ్గరికొచ్చాం," అన్నాడు ఎల్విన్ తృప్తిగా.

"ఓడిపోయినవాళ్లంతా అదే అంటారు," అన్నాడు వెర్లిన్.

ఈలోగా వానలు పడ్డాయి. టౌన్‌షిప్‌లో అనుకున్నట్టు పెరిగింది గడ్డి ఒక్కటే. సమాధుల మీద పూలు పెట్టే మెమోరియల్ డే నాటికి నడుం దాకా వచ్చింది. లొరెట్టా పూలు పట్టుకుని అందులోకి దిగి, కాసేపు ఈదినట్టు నడిచి ఆగిపోయింది.

"వెర్లిన్, మా ఆయన ఎక్కడయ్యా?"

"ఇక్కడే ఉన్నాడమ్మా. ఎక్కడికి పోతాడు?"

"ఉన్నాడని నాకూ తెలుసు. కనిపించడం లేదు."

ఇద్దరూ చేతులతో గడ్డి పాయలు తీస్తూ వెతికారు. చివరికి ఆవిడ ఒక రాయి ముందు వంగి, పూలు పెట్టి, కొంగులా మెళ్లో వేలాడుతున్న స్కార్ఫుతో దుమ్ము తుడిచి పేరు చదివింది. అది వేరే ఆయన సమాధి.

"పర్లేదులే," అంది లేచి. "ఈయన్ని చూడ్డానికి ఎవరూ రారు పాపం."

వెర్లిన్ ఆ రోజు ఊళ్లో టిఫిన్ దొరికే డైనర్లో, మెత్తటి రొట్టెల్లాంటి బిస్కట్లూ వాటిమీది గ్రేవీ పక్కకి నెట్టి లేచిపోయాడు. గ్రేవీ వదిలేసిన స్టకీ వంశస్థుడు అంతకుముందు ఎవరూ లేరు.

ఆఫీసు గుమాస్తా ఫర్న్ పరిస్థితిని చక్కదిద్దింది. శ్మశానానికీ, పక్క ఖాళీ స్థలానికీ కలిపి ఒక బోర్డు రాయించింది: 'తేనెటీగల సహజ పచ్చిక. కోయరాదు.'

"అబద్ధం కదా ఫర్న్?"

"అబద్ధమేముంది? కోయరాదు. మనకి కోయడం రాదు."

బోర్డు ఫొటో పేపర్లో పడింది. తేనెటీగల మిత్రమండలి వారు పరవశించి, బక్ హాలోకి 'ప్రకృతి నేస్తం' పురస్కారం ప్రకటించారు. వెర్లిన్‌ని జనం డైనర్లో కూడా దూరదృష్టి కలవాడని పిలవడం మొదలుపెట్టారు. ఆయన దూరదృష్టితో చూస్తే గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు.

అందుకే, పురస్కారం వచ్చినా ఆ గూడు కోసం వెతకడం మానలేదు. కొండల మీద డెల్మర్ అనే రైతు కొట్టం వెనక సరిగ్గా అలాంటి మోవరే చచ్చి పడుందని ఎల్విన్ కబురు చెప్పాడు. వెర్లిన్ వెళ్లి చూస్తే సీటు మీద కోళ్లు పొదుగుతున్నాయి.

"అమ్మను," అన్నాడు డెల్మర్. "వాటికి అలవాటైపోయింది."

"ఇంకో చోటిస్తే?"

"మరుగుండాలి. పక్కవాళ్లు తొంగిచూడకూడదు. కోడికి సిగ్గెక్కువ."

వెర్లిన్ ఆలోచించాడు. టౌన్‌షిప్ గోదాములో తెర వేలాడే పాత ఓటింగు గది ఒకటి మూలపడి ఉంది. మర్నాడే ట్రక్కులో తీసుకెళ్లి దింపాడు. కోళ్లు ఒక్కొక్కటీ తెర తప్పించుకుని లోపలికి వెళ్లాయి. ఎవరికీ చెప్పకుండా గుడ్డు పెట్టి వచ్చాయి.

"తేడా ఏమీ లేదు," అన్నాడు వెర్లిన్.

డెల్మర్ మోవర్‌లోంచి తీసిన గూడు అతికినట్టు కూచుంది. కొత్త బేరింగులు, కొత్త బెల్టు వేశాడు. బ్లేడ్లు సానపట్టాడు, డెక్ అడుగున గట్టిపడ్డ పాత గడ్డి చెక్కాడు, హైడ్రాలిక్ నూనె మార్చాడు, కోత ఒక పక్కకి వాలకుండా నాలుగు టైర్లలో గాలి సరిచూశాడు, కనిపించిన ప్రతి గ్రీజు రంధ్రానికీ గన్ను పెట్టాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకున్న శ్రుతికి కళ్లు చెమర్చాయి. తీరా చూస్తే కోయడానికి వీల్లేదు. 'కోయరాదు' అన్న ఆ బోర్డు ఉత్తర్వు మీద సంతకం తనదే.

శ్మశానం దగ్గరే జరగాల్సిన పురస్కార సభకి ముందురోజు ఫర్న్ కిటికీలోంచి చూసింది. "డేరా ఎక్కడ వేస్తాం? కార్లెక్కడ పెడతారు? ఈ గడ్డిలో కుర్చీ వేస్తే మనిషి టోపీ కూడా కనిపించదు."

"కొంచెం కోస్తాను," అన్నాడు వెర్లిన్ వీలైనంత నిర్లిప్తంగా.

డేరాకి సరిపడా కోశాడు. తర్వాత కార్లకి కోశాడు. తర్వాత కారణం దొరకలేదు, అయినా ఆగలేకపోయాడు. ఈసారి ఎవరికీ చెయ్యి ఊపలేదు. ఆర్విల్ రాయి చుట్టూ రెండు లీవర్లూ గాజుగ్లాసులు పట్టుకున్నట్టు పట్టుకుని తిరిగాడు. గేటు దగ్గర నిలబడ్డ లొరెట్టా నేరుగా నడిచొచ్చి, మడతకుర్చీ వేసుకుని మొగుడి పక్కన కూచుంది. చీకటిపడక ముందే కంచె నుంచి కంచె దాకా బల్లపరుపు.

మర్నాడు మిత్రమండలి అధ్యక్షురాలు మిసెస్ హాల్‌స్టెడ్ జ్ఞాపిక చంకన పెట్టుకుని కారు దిగింది. వెంట ఫొటోగ్రాఫర్. ఆవిడ గాఢంగా గాలి పీల్చి చుట్టూ చూసింది.

"దివ్యంగా ఉంది మిస్టర్ స్టకీ. ఇంతకీ పచ్చిక ఏ వైపు?"

వెర్లిన్ టోపీ తీశాడు. "మీ కారు దానిమీదే ఉందండీ."

మిసెస్ హాల్‌స్టెడ్ కారు వైపు చూసింది. జ్ఞాపిక మీద చెక్కించిన అక్షరాల వైపు చూసింది. తర్వాత వెర్లిన్ పక్కకి వచ్చి, భుజం ఆనించి నిలబడి చిరునవ్వు సర్దుకుంది.

"దగ్గరకొచ్చి తియ్యి బాబూ," అంది ఫొటోగ్రాఫర్‌తో. "మొహాలు పడితే చాలు."